ఎడమ పేజీలో అగ్నిపర్వతాలు

నా కుట్టు మిషన్ మీద, దారపు రీళ్ళ డబ్బాకు ఆనించి ఫోన్ నిలబెడతాను. ఆ ఫోన్‌లో ఎప్పుడూ ఏదో ఒక పర్వతం ఉంటుంది. సముద్రాల అవతల ఎవరో దాని ఎదురుగా కెమెరా పెట్టి వదిలేశారు. అది పొగ వదులుతూ ఉంటుంది, నేను జాకెట్లు కుడుతూ ఉంటాను. సూదిలో దారం ఎక్కించేటప్పుడు తల ఎత్తి ఒకసారి చూస్తాను. పొగ రంగు మారితే మిషన్ ఆపేసి నోట్‌బుక్ తీస్తాను.

మా వీధి ఆడవాళ్ళకు ఇది అలవాటైపోయింది. బట్టలు ఇవ్వడానికి వచ్చిన ఎదురింటి పెద్దమ్మ ముందు ఫోన్ వైపు చూసి, తర్వాత నా వైపు చూస్తుంది.

"ఏంది బిడ్డా, నీ గుట్ట ఇయ్యాల పొగ ఇడుస్తాందా?"

"ఇడుస్తాంది పెద్దమ్మా. తెల్లగనే ఉంది."

"సరే గని, గుట్ట మీద ధ్యాస పెట్టి నా జాకెట్ చేతులు పొట్టిగ కుట్టకు. పోయినసారి గదే అయింది."

నిజమే, పోయినసారి అదే అయింది. ఆ రోజు ఒక పర్వతం అంచు విరిగి పడింది.

నాకీ పిచ్చి ఎలా పట్టిందని అడిగినవాళ్ళకు మా నాన్న గురించి చెప్పాల్సి వస్తుంది. నాన్న కాజీపేటలో రైల్వే ఫైర్‌మన్. బొగ్గు ఇంజన్లు నడిచిన చివరి సంవత్సరాల్లో బాయిలర్‌లోకి పారతో బొగ్గు విసిరిన మనిషి. మా క్వార్టర్ ఇంజన్ల షెడ్డుకు దగ్గర. ఆ పొగకో, నా ఒంటి తత్వానికో, చిన్నప్పుడే నాకు ఉబ్బసం వచ్చింది. బడికి పంపిన మూడు నెలల్లో నేను తరగతిలో కూర్చున్నదాని కన్నా రైల్వే దవాఖానలో పడుకున్నదే ఎక్కువ. ఇక బడి వద్దు, ఇంట్లోనే ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. అక్క బడికి పోయేది, నేను ఇంట్లో ఉండేదాన్ని. డ్యూటీ దిగి వచ్చాక స్నానం చేసి, ప్రార్థన చేసి, నాన్న నా ముందు కూర్చునేవాడు. అక్క పాత పుస్తకాలే నాకు పాఠాలు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. నాకు గురువు ఆయనొక్కడే. ఆ గురువును ఇచ్చినందుకు దేవునికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పినా తక్కువే.

అక్క భూగోళం పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. కొండ లోపల ఒక గొట్టం, కింద ఎర్రటి మడుగు, పైన పొగ. నేను ఆ పేజీ దాటనిచ్చేదాన్ని కాదు. ఒకరోజు నాన్న ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది కూడ బాయిలరే బిడ్డా. గాని దీనికి డ్రైవరు దేవుడే" అన్నాడు. ఆవిరి తెల్లగా ఎందుకు ఉంటుందో, బొగ్గు ఎక్కువైతే పొగ నల్లగా ఎందుకు వస్తుందో, నల్లపొగ వచ్చినప్పుడు డ్రైవరు ఎలా తిడతాడో చెప్పాడు. ఈ రోజుకూ పర్వతం పొగ చూసి, ఇది వట్టి ఆవిరి, ఇందులో బూడిద ఉంది అని చెప్పగలిగేది ఆ పాఠంతోనే.

ఇంకో పాఠం కూడా ఆయనదే. నేను నోట్‌బుక్ రాయడం మొదలుపెట్టినప్పుడు చెప్పాడు: "ఎడమ పేజీల సూసింది రాయి. కుడి పేజీల అనుకున్నది రాయి. రెండూ కలపకు. గేజు మీద కనబడేది వేరు, బాయిలర్ల ఉన్నదని మనం అనుకునేది వేరు. అవి కలిపినోళ్ళే ఇంజన్లు పాడు చేసిన్రు."

అప్పుడు రేడియో వార్తల్లో విన్నది, పేపర్లో వచ్చింది తప్ప నాకేమీ దొరికేది కాదు. ఏడాదంతా కలిపి నాలుగు పేజీలు నిండితే గొప్ప. ఇప్పుడు ఫోన్ పుణ్యమా అని వారానికి నాలుగు పేజీలు నిండుతున్నాయి. తేదీ, గంట, పొగ రంగు, ఎంత ఎత్తు లేచింది, గాలి ఎటు తీసుకుపోతోంది. ఇవన్నీ ఎడమ పక్క. ఇది ఆగుతుందా, పెరుగుతుందా, బూడిద ఎవరి పొలాల మీద పడుతుంది, ఇవి కుడి పక్క. పేజీ అడుగున ఒక వరుస కృతజ్ఞత. ఆ కొండ కింది ఊళ్ళవాళ్ళ కోసం రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటాను. పర్వతం లేచినప్పుడు నా గుండె సంతోషంతో కొట్టుకుంటుంది, అది దాచను. ఆ సంతోషానికి బదులుగానే ఆ రెండు నిమిషాలు. ఇలా పదకొండు నోట్‌బుక్కులు నింపాను. చూడమని ఎవరినీ అడగలేదు, ఎవరూ చూడలేదు.

ఒక నవంబరులో ఆఫ్రికాలో ఒక పర్వతం పేలింది. అది అంతకు ముందు పేలినట్టు మనుషులెవరూ ఎన్నడూ రాసిపెట్టలేదట. దాని దగ్గర కెమెరా కూడా లేదు. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో చూశాను. బూడిద విమానాలు ఎగిరే ఎత్తుకు పోయి, సముద్రం దాటి, మన దేశం వైపు తిరిగింది. కుట్టాల్సిన జాకెట్లు పక్కన పెట్టి మధ్యాహ్నం దాకా రాస్తూనే ఉన్నాను. విమానాల కోసం బూడిద మేఘాన్ని కనిపెట్టేవాళ్ళు గంట గంటకూ పటాలు గీసి పెడతారు. ఆ పటాల్లో మేఘం గుజరాత్ మీదుగా ఢిల్లీ వైపు పోతోంది. మనకు చాలా ఉత్తరాన.

మర్నాటికి టీవీల్లో అదే వార్త. దాంతోపాటు ఫోన్లలో ఒక ఆడియో తిరగడం మొదలైంది. ఎవరిదో మగ గొంతు. బూడిదలో యాసిడ్ ఉంటుందనీ, తెలంగాణ మీద కూడా పడుతుందనీ, అది పడిన వడ్లను ఏ కొనుగోలు సెంటర్‌లోనూ కొనరనీ ఆ గొంతు చాలా నమ్మకంగా చెబుతోంది. నా దగ్గరికే ఏడుగురు పంపారు. ఎదురింటి పెద్దమ్మ నేరుగా వచ్చి, మిద్దె మీద ఆరేసిన బట్టలు తీయాలా వద్దా అని అడిగింది. ఇన్నేళ్ళలో నా గుట్టల గురించి ఆమె నిజంగా ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. వద్దన్నాను. "నువ్వు వద్దంటే వద్దు" అని పోయింది. ఆ మాటకు ఎంత పొంగిపోయానో నాకే సిగ్గేసింది.

ఆ పొంగు మీదే అక్కతో తప్పుగా మాట్లాడాను.

అక్కను నర్సంపేట దాటాక ఉన్న ఒక ఊళ్ళో ఇచ్చారు. బావ వ్యవసాయం. వరి కోసి, వడ్లు రోడ్డు పక్కన ఆరబోసి అప్పటికి నాలుగు రోజులు. వడ్లలో తేమ పదిహేడు శాతానికి దిగితేగానీ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఇంకా ఇరవై ఒకటి దగ్గర ఉంది. రెండు మంచి ఎండలు కొడితే సరిపోతుంది. ఏడాది పంట మొత్తం ఆ రోడ్డు మీదే ఉంది.

పొద్దున పదిగంటలకు అక్క ఫోన్ చేసింది. "చెల్లె, బూడిద పడుతాంది. వడ్ల మీద నల్లగ పడుతాంది. మీ బావ వ్యాపారికి ఫోన్ చేసిండు. లారీ అత్తాందట. పచ్చివే ఇచ్చేద్దమంటాండు."

"అక్కా, అది రాదు. అది ఢిల్లీ దిక్కు పోతాంది. ఏ బూడిదా పడదు మనకు."

"పడుతాందే అంటాన్న."

"పడదక్కా. నేను పటం చూస్తాన్న."

అక్క నెమ్మదిగా అంది: "నువ్వు ఆడ కూసోని పటం చూస్తానవు. నేను ఈడ చేతుల పట్టుకొని ఉన్న."

ఫోన్ పెట్టేశాక మిషన్ మీది జాకెట్ తీసి మడతపెట్టాను. నేను చూడని దాన్ని లేదని చెప్పేశాను. కుడి పేజీ మాటను ఎడమ పేజీలో రాసేశాను. నాన్న ఉంటే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు, అంతే.

నోట్‌బుక్, నాన్న ముసలితనంలో బైబిలు వాక్యం చదవడానికి కొనుక్కున్న భూతద్దం, మీటరు తెల్ల లైనింగు గుడ్డ సంచిలో వేసుకుని బస్సెక్కాను. దారిపొడవునా ఫోన్‌లో ఆ పటాలే చూశాను. మేఘం కదులుతోంది గానీ మన వైపు కాదు. అయినా అక్క చేతిలో ఏదో ఉంది. పటం తప్పవచ్చు. నేను తప్పవచ్చు. కళ్ళు మూసుకుని, ప్రభువా, నన్ను నిజం పక్కన నిలబెట్టు, నా మాట పక్కన కాదు అని అడిగాను. పక్క సీటులో ఆమె నాకు కడుపులో తిప్పుతోందనుకుని నిమ్మకాయ ఇచ్చింది. తీసుకున్నాను.

నేను దిగేసరికి బావ, మరో ఇద్దరు రైతులు వడ్లను కుప్ప చేస్తున్నారు. అక్క టార్పాలిన్ పట్టుకుని నిలబడింది. వ్యాపారి అప్పటికే వచ్చి, లారీ నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

బావ నన్ను చూసి పార ఆపాడు. "వచ్చినవా మరదలా. సూడు, నీ గుట్ట వచ్చి నా వడ్ల మీద పడ్డది."

వంగి చూశాను. నిజంగానే వడ్ల మీద నల్లటి పెళ్ళలు. చిన్నవి, తేలికైనవి, ఊదితే ఎగిరేవి. అక్క మాట అబద్ధం కాదు. ముందు ఆమె దగ్గరికి పోయి, "అక్కా, నువ్వు చెప్పిందే నిజం. పడింది. నేను చూడకుండనే లేదన్న" అన్నాను. అక్క టార్పాలిన్ ఒక కొస నా చేతికిచ్చింది.

"బావా, ఒక అరగంట ఆగు. ఇదేం బూడిదో చూద్దం."

వ్యాపారి నవ్వాడు. "మిషన్ కుట్టే చెల్లె సైంటిస్టు అయిందా ఏంది? అరగంట ఆగితే పైన పడ్డది కిందికి దిగుతది. కింది వడ్లు ఇంక మంచిగున్నయ్, గందుకే ఇప్పుడే ఎత్తమంటాన్న. పచ్చి వడ్లకు ఏ రేటు ఇస్తనో చెప్పిన. ఇష్టముంటేనే ఇయ్యున్రి."

ఆ రేటు ఎంత తక్కువో అక్క ముఖం చూస్తేనే తెలిసింది. ఇక నేను రేటు మాట ఎత్తలేదు.

నేల మీద పడింది పనికిరాదు, దాంట్లో రోడ్డు దుమ్ము కలుస్తుంది. లైనింగు గుడ్డ పరిచి, నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టి, పక్కన కూర్చున్నాను. ఉబ్బసం మనిషిని కదా, గాలి ఎటు తిరిగిందో ముక్కుకు ముందే తెలుస్తుంది. తూర్పు నుంచి వస్తోంది. పది నిమిషాల్లో తెల్లగుడ్డ మీద మొదటి పెళ్ళ పడింది. తర్వాత ఇంకొకటి. రైతులు ఇద్దరూ పని ఆపి వచ్చి నిలబడ్డారు.

ఒక పెళ్ళను వేలితో గుడ్డ మీద రుద్దాను. కాటుకలాగా నల్లటి గీత పడింది. గరుకు లేదు. పర్వతం బూడిద అంటే రాతిపొడి. రుద్దితే ఇసుకలాగా గీరుతుంది, మసి అంటదు. చెంబులో నీళ్ళు తెమ్మని అక్కను అడిగి రెండు పెళ్ళలు వేశాను. తేలాయి.

"సూసినవా బావా? రాతిపొడి అయితే మునుగుతది."

బావ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. గడ్డం గోక్కున్నాడు. "రామప్ప గుడి ఇటుకలు తేలుతయ్ గదనే. నీ గుట్టల రాళ్ళు కొన్ని తేలవా?"

నిజంగా ఆ ప్రశ్నకు నేను మురిసిపోయాను. ఇరవై ఏళ్ళుగా ఆయన ముందు అగ్నిపర్వతాల మాట తెస్తే, కూర ఏం వండినవని అడిగే మనిషి. "తేలుతయ్ బావా. నురగ రాళ్ళుంటయ్, అవి తేలుతయ్. నువ్వన్నది కరెక్టే. తేలినంత మాత్రాన చెప్పలేం."

"మరి?" అన్నాడు వ్యాపారి కుర్చీలోంచి.

భూతద్దం తీశాను. వంగి ఒక పెళ్ళను చూశాను. చూడగానే నాకు తెలిసిపోయింది. కానీ చెప్పలేదు. నేను చెబితే అది నా మాటే అవుతుంది. ఆ అద్దాన్ని బావ చేతిలో పెట్టి, "ఏం కనబడుతాందో నువ్వు చెప్పు" అన్నాను.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అద్దాన్ని దగ్గరికి, దూరానికి జరిపాడు. చిన్న పడవలాంటి ఆకారం. రెండు కొసలూ సన్నం. వీపు మీద నిలువుగా సన్నటి గీతలు. కాలినా ఆ గీతలు పోలేదు. చాలాసేపు చూశాడు. ఇంకో పెళ్ళ చూశాడు. మరొకటి. పక్కనున్న వడ్ల గింజ ఒకటి తీసి, గోటితో పొట్టు ఒలిచి, ఆ పొట్టును గుడ్డ మీద పెళ్ళ పక్కన పెట్టి రెండింటినీ అద్దం కింద చూశాడు. ఆ పని నాకు తట్టలేదు. ఆయనకే తట్టింది.

"ఇది ఊక" అన్నాడు.

ఒక పెళ్ళను వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇది ఊకనే. కాలిన ఊక. మిల్లు ఊక." లేచి తూర్పు వైపు తిరిగాడు. జామాయిల్ తోట అవతల ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. వడ్లు ఉడకబెట్టడానికి బాయిలర్‌లో ఊకే మండిస్తారు. ఆ వారమే పొయ్యి వెలిగించారు. ప్రతి ఏడూ వెలిగిస్తారు. గాలి ఇటు తిరిగితే ఇటు పడుతుంది, అటు తిరిగితే అటు. ఊరందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఫోన్లలో ఆఫ్రికా ఉంది, తోట వెనక పొగగొట్టం వైపు ఒక్కరూ చూడలేదు.

పక్క రైతు అద్దం తీసుకున్నాడు. తర్వాత ఇంకొకాయన. "మన వడ్ల ఊక మన వడ్ల మీదనే పడ్డది గద, మనం ఆఫ్రికా దాక పోయి వచ్చినం" అన్నాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వ్యాపారి మాత్రం నవ్వలేదు, వదల్లేదు. "సరే, ఇయ్యాల ఊక. రేపు అసలుది వస్తే? చెల్లె రాసిస్తదా రాదని?"

అది సరైన ప్రశ్న. అందరూ నా వైపు తిరిగారు. పొద్దున ఫోన్‌లో లాగా పడదు అనేయడం చాలా సులువు. నోట్‌బుక్ తెరిచి కుడి పేజీ చూపించాను. "ఇది నేను చూసిన మాట కాదు బావా, అనుకుంటాన్న మాట. పటంల మేఘం ఢిల్లీ దాటి తూర్పుకు పోతాంది. ఇసొంటి మేఘాలు పదిహేనేళ్ళ సంది రాస్తాన్న. పైగాలి ఎటు తీస్కపోతే అటే పోతయ్. వెనక్కి తిరిగి కిందికి వచ్చింది నేనైతే ఒక్కటి కూడ చూడలే. గాని రాసియ్యమంటే రాసియ్యలేను."

బావ నోట్‌బుక్ తీసుకుని పేజీలు తిప్పాడు. ఎడమ పక్క వరుసలు, కుడి పక్క వరుసలు, అడుగున కృతజ్ఞతలు. ఎంతసేపు తిప్పాడో. తర్వాత నన్నే చూస్తూ అడిగాడు.

"ఇవి నీ వడ్లయితే ఏం చేత్తవ్?"

"మళ్ళ ఆరబోస్త."

ఆయన పార తీసుకుని కుప్ప మధ్యలోకి దించాడు. "అన్నా, లారీ తీస్కపో" అని వ్యాపారితో అన్నాడు. "ఫికర్ జేయకు, చాయ్ తాగే పో."

రెండు రోజులు నేను అక్కడే ఉన్నాను. మాట ఇచ్చి పోతే బాగుండదు కదా. అక్క, నేను కాళ్ళతో వడ్లలో చాళ్ళు తీస్తూ నడిచాం. ఊక పెళ్ళలు పడుతూనే ఉన్నాయి, చాటతో చెరిగితే పోయాయి. గంటకోసారి పటం చూసి బావకు చెప్పాను. మొదట్లో "ఊఁ" అనేవాడు. రెండో రోజు ఆయనే అడగడం మొదలుపెట్టాడు. "ఏడికి పోయిందే ఇప్పుడు? ఇంక మన దేశంలనే ఉన్నదా?" ఆ సాయంత్రం దేశం దాటిందని చెబితే, టవల్ దులిపి భుజాన వేసుకుని, "పోనీ, జాగ్రత్తగ పొమ్మను" అన్నాడు.

మూడో రోజు పొద్దున కొనుగోలు కేంద్రంలో మిషన్‌లో వడ్లు పోశారు. తేమ పదహారు చూపించింది. బస్తాలకు ఎత్తుతుంటే అక్క నా చేయి పట్టుకుంది. చిన్నప్పుడు నాకు ఆయాసం వచ్చినప్పుడు అలాగే పట్టుకునేది.

గర్వం మంచిది కాదని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ రోజు మాత్రం గర్వపడ్డాను, అబద్ధం చెప్పను. నా గురించి కొంత, నాన్న గురించి ఎక్కువ. బడికి దూరమైన పిల్లకు ఆయన నేర్పిన రెండు పేజీల లెక్క, ఒక రోడ్డు మీద ఒక ఏడాది పంటకు అక్కరకొచ్చింది. దానికి ముందూ వెనకా అంతా దేవునిదే.

నేను బయలుదేరుతుంటే బావ నోట్‌బుక్ అడిగాడు. ఆ రోజు పేజీ తీయమన్నాడు. ఎడమ పక్క నేను అప్పటికే తేదీ, గాలి దిక్కు రాసి ఉంచాను, కింద ఖాళీ. "చూసింది రాసేది ఇటు దిక్కే గద?" అన్నాడు. అవునన్నాను. పెన్ను తీసుకుని, నాగలి పట్టినట్టు పట్టి, ఒక్కో అక్షరం లోపలికి దిగేలా రాశాడు: ఊక. నేనే చూసిన.

పదకొండు నోట్‌బుక్కుల్లో నా చేతిరాత కాని వరుస అదొక్కటే. ఎంత గట్టిగా రాశాడంటే, ఆ తర్వాత మూడు పేజీల దాకా ఏ పర్వతం గురించి రాసినా ఆ అక్షరాల గాడి నా వేలికి తగులుతూనే ఉంది.